గడువు దాటిందని నాకు తెలుసు

2020లో భోగి జనవరి 14న వచ్చింది. పాతవన్నీ ఇంట్లోంచి తీసి బయట పడేసే పండుగ. అదే రోజున మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2008, 2008 ఆర్2, విండోస్ 7 వెర్షన్లకు మద్దతు ఆపేసింది. ఆ తేదీ నాకు చాలా ముందే తెలుసు. తెలిసీ జనగామలో నేను చూసుకునే సర్వర్‌ను ఆ తేదీ దాటించి 2008 ఆర్2 మీదే నడిపాను. ఎందుకు నడిపానో, ఎవరిని అడక్కుండా నడిపానో, దాని ఖర్చు ఎవరి మీద పడిందో రాస్తున్నాను. తెలియక చేసి ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ సర్వర్ ఒక ఎరువులు, విత్తనాల వ్యాపారిది. పెద్ద దుకాణం జనగామలో, బ్రాంచీలు మహబూబాబాద్‌లో (మేం మానుకోట అంటాం), భూపాలపల్లిలో. జనగామ చుట్టూ పత్తి, మానుకోట వైపు మిర్చి, మక్క, పసుపు, భూపాలపల్లి వైపు సింగరేణి గనుల పక్కన పత్తి, వరి. పంటలు ఏవైనా మూడు ఊళ్ళలోనూ వ్యాపారం నడిచేది ఉద్దెర మీదే. మిరుగు (మృగశిర కార్తె) రాగానే రైతు విత్తనాలు, డీఏపీ బస్తాలు ఖాతాలో రాయించుకుని తీసుకుపోతాడు. పంట అమ్మాక వచ్చి కడతాడు. ఎవరు ఎన్ని యూరియా బస్తాలు కొన్నారో ప్రభుత్వం ఇచ్చిన ఈపాస్ యంత్రంలో వేలిముద్రతో సహా ఎక్కుతుంది. ఎవరి బాకీ ఎంత, ఎప్పుడు ఎంత కట్టారు అన్నది మాత్రం దుకాణం ఖాతాకే తెలుసు. మా దుకాణంలో ఆ ఖాతా ఉన్నది సర్వర్‌లోనే.

మద్దతు ఆగినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ ఆగదు. తెల్లవారి బటన్ నొక్కితే ఎప్పటిలాగే లేస్తుంది, బిల్లు కొడుతుంది. ఆగేది మరమ్మతు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా సవరణలు విడుదల చేస్తుంది. గడువు దాటిన వెర్షన్‌కు అవి రావు. విడిగా డబ్బు కట్టి ఒప్పందం చేసుకున్న సంస్థలకు మాత్రం 2008 ఆర్2 సవరణలు మరో మూడేళ్ళు, 2023 జనవరి దాకా వచ్చాయి. మా దుకాణానికి అలాంటి ఒప్పందం లేదు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. కొత్త వెర్షన్లకు ఒక సవరణ విడుదలైందంటే, సాధారణంగా పాత వెర్షన్‌లోనూ అక్కడే లోపం ఉందని బయటపడ్డట్టు. ఆ సవరణను విప్పి చూసి లోపం ఎక్కడుందో పట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఫలానా రకం తాళం ఏ చెవి పెట్టినా తెరుచుకుంటోంది, మార్చుకోండి అని ఊళ్ళో దండోరా వేయిస్తే దొంగ కూడా ఆ దండోరా వింటాడు. అందుకే పాత సర్వర్‌లో ఒక్క ఫైలు మారకపోయినా అది నెలనెలా బలహీనపడుతూనే ఉంటుంది. ఈ సంగతి ఎవరైనా అడిగితే పూసగుచ్చినట్టు చెప్పగలిగినవాణ్ణి నేను. ఆ దుకాణం సేటుకు మాత్రం చెప్పలేదు.

చెప్పకపోవడానికి నా దగ్గర సాకులు ఉన్నాయి. మొదటిది బిల్లింగ్ ప్రోగ్రాం. అది విజువల్ బేసిక్ 6లో రాసింది. రాసినాయన ఆ పని మానేసి చాలాకాలమైంది. కొత్త విండోస్ మీద అది నడవదని అందరితో అంటూ వచ్చాను. ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. రెండోది డబ్బు. కొత్త యంత్రం, కొత్త లైసెన్సు అంటే సేటు ఏమంటారో నేనే ఊహించుకుని, అడగకుండానే కాదన్న జవాబు నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం మూడోది. మా సర్వర్ ఎన్నడూ బంద్ పడలేదని సేటు పదిమందిలో చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు వెళ్ళి దీన్ని మార్చాలి అంటే, ఇన్నాళ్ళూ నిలబెట్టిన పేరును నా చేత్తో నేనే చెరుపుకున్నట్టు అనిపించింది. ఆగకుండా నడవడాన్నే బాగుండటం అనుకున్నాను.

నన్ను మోసం చేసిన అనుభవం ఒకటి ఉంది. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం, ప్రపంచం మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. అది వాడుకున్న లోపానికి సవరణ మార్చి 14నే వచ్చింది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. దాడి మొదలయ్యాక మైక్రోసాఫ్ట్, 2014లో గడువు తీరిన ఎక్స్‌పీకి, 2015లో గడువు తీరిన సర్వర్ 2003కి కూడా ఉచితంగా సవరణ ఇచ్చింది. 2019 మే 14న రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు కూడా ఆ పాత వెర్షన్లకు అలాగే ఇచ్చింది. ఈ రెండూ చూసి, మరీ ముంచుకొస్తే వాళ్ళే ఏదో ఒకటి పంపిస్తారులే అన్న ధీమా నాలో పాతుకుపోయింది. ప్రపంచమంతా అంటుకునే ప్రమాదంలో చేసిన సాయాన్ని నాకు రావలసిన హక్కుగా లెక్కేసుకున్నాను. జనగామలో ఒక ఎరువుల దుకాణం మీద పడే దెబ్బకు ఏ కంపెనీ అర్ధరాత్రి లేచి సవరణ పంపదు.

పాఠం నేర్పే ఘటన మన గడపలోనే జరిగింది. 2019లో ఏప్రిల్ పోయి మే వచ్చే రోజుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఆ వార్త చదివి, ఇవి పెద్ద సంస్థల కష్టాలు, చిన్న దుకాణం ఎవరికి కనిపిస్తుంది అనుకున్నాను. దాడి చేసేవాళ్ళు దుకాణం పేరు చూసి రారు. ఇంటర్నెట్ చిరునామాలన్నిటినీ వరసగా తట్టుకుంటూ పోయే ప్రోగ్రాంలు రాత్రింబగళ్ళు తిరుగుతుంటాయి. తెరిచి ఉన్న తలుపు జనగామదా, న్యూయార్క్‌దా అన్నది వాటికి పట్టదు.

ఆ తలుపు తెరిచింది కూడా నేనే. అంతకుముందు బ్రాంచీల లెక్కలు పెన్‌డ్రైవ్‌లో వచ్చేవి. భూపాలపల్లి నుంచి పరకాల, హనుమకొండ మీదుగా ఆర్టీసీ బస్సులో ఎవరో ఒకరు తెచ్చేవారు. మానుకోట నుంచీ అలాగే. జనగామలో వాటిని సర్వర్‌లోకి ఎక్కించేవాళ్ళం. 2020 మార్చి 22 నుంచి బస్సులు ఆగిపోయాయి. వ్యవసాయ దుకాణాలకు లాక్‌డౌన్‌లో మినహాయింపు ఉంది కాబట్టి అమ్మకాలు ఆగలేదు. సేటుకు ఇంట్లోంచి లెక్కలు చూడాలని ఉంది, బ్రాంచీలవాళ్ళకు నేరుగా సర్వర్‌లో బిల్లు కొట్టాలని ఉంది. రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి రిమోట్ డెస్క్‌టాప్‌ను బయటి ప్రపంచానికి వదిలేశాను. వీపీఎన్ పెట్టాలని తెలుసు. బస్సులు మొదలవగానే మూసేద్దాం అనుకున్నాను. మే 19న బస్సులు మొదలయ్యాయి. అందరికీ సౌకర్యంగా ఉందని పోర్టు అలాగే ఉంచేశాను.

ఆ వానాకాలం విత్తనాల దుకాణాలకు మామూలు కన్నా రద్దీ ఎక్కువ. నియంత్రిత సాగు పేరుతో మక్క వేయొద్దు, పత్తి, కంది, సన్నవడ్లు వేయండని ప్రభుత్వం చెప్పిన ఏడాది అది. మిరుగు దాటాక ఒక పొద్దున జనగామ గుమాస్తా ఫోన్ చేశాడు. "అన్నా, బిల్లు కొడ్తలేదు. ఫైళ్ళ పేర్లన్నీ మారినయ్." వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఎవరిదో ఈమెయిల్ చిరునామా అతుక్కుని ఉంది. డెస్క్‌టాప్ మీద డబ్బు అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైలు. బ్యాకప్ కోసం నేను పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు ఎప్పుడూ యూఎస్‌బీకి తగిలించే ఉండేది. సర్వర్‌తో పాటు అదీ పోయింది.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ చూశాను. విఫలమైన లాగిన్‌కు 4625 అన్న నంబరు పడుతుంది. ఎంత వెనక్కి జరిపినా అదే నంబరు. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, టాలీ, యూజర్1. ఒకటి కుదరకపోతే ఇంకోటి, నిమిషం ఖాళీ లేకుండా ప్రయత్నించారు. ఒక తెల్లవారుజామున ఆ వరసలో 4624 కనిపించింది. లాగిన్ సఫలం. మానుకోట గుమాస్తా ఖాతా. దాని పాస్‌వర్డ్ ఊరి పేరు, పక్కన 123. పెట్టింది నేనే. ఆ ఖాతాకు అడ్మిన్ హక్కులు లేవు. అయినా కాసేపటికే 4720, అంటే కొత్త ఖాతా పుట్టింది, దానికి అడ్మిన్ హక్కులు వచ్చాయి. మామూలు యూజర్‌ను అడ్మిన్ చేసేసే లోపాలకు ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూడా సవరణలు వచ్చాయి. గడువు దాటిన మా సర్వర్‌కు అవి రాలేదు. బలహీనమైన పాస్‌వర్డ్ గడప దాటిస్తే, గడువు దాటిన సాఫ్ట్‌వేర్ బీరువా దాకా తీసుకెళ్ళింది.

సేటు డబ్బు కట్టనన్నారు. నన్ను కూర్చోబెట్టి ఒక్క మాట అడిగారు.

"ఇట్ల అయితదని నీకు ముందుగాల ఎర్కేనా?"

"ఎరుకే."

"మరి నాకెందుకు చెప్పకపోతివి? మిషిన్ నాది, బాకీలు నాయి. పెట్టాల్నో వద్దో నేను చూసుకుందును గదా."

నా దగ్గర జవాబు లేదు. సాకులన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు రాలిపోయాయి. అది ఆయన తీసుకోవలసిన నిర్ణయం. ఆయనకు ఉండాల్సిన సమాచారం నా దగ్గర దాచుకుని ఆయన తరఫున నేను తీసుకున్నాను.

మాకు మిగిలింది రెండు పెన్‌డ్రైవులు. మార్చిలో బస్సులు ఆగిపోయాయి కాబట్టి భూపాలపల్లిలో ఒకటి, మానుకోటలో ఒకటి దుకాణం గల్లాపెట్టెల్లోనే ఉండిపోయాయి. ప్రతిసారీ జనగామ ఖాతా కూడా తిరుగు బస్సులో వాటిలోనే వెళ్ళేది కాబట్టి మార్చి మధ్య దాకా లెక్కలు దొరికాయి. ఇలాగే 2017 జూన్ 27న నోట్‌పెట్యా అనే మాల్‌వేర్ దెబ్బకు మేర్స్క్ నౌకా సంస్థ నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలింది. లాగిన్‌లను నడిపే డొమైన్ కంట్రోలర్ సర్వర్లన్నీ పోగా, ఆఫ్రికాలోని ఘనా కార్యాలయంలో ఒక్కటి బతికింది. ఆ సమయంలో అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేదు. ఆ ఒక్కదాంతోనే వాళ్ళు తిరిగి నిలబడ్డారు. అంత పెద్ద సంస్థను కరెంటు కోత కాపాడింది, మమ్మల్ని బస్సుల బంద్ కాపాడింది. రెండు చోట్లా బతికింది తీగకు తగిలించి లేని కాపీయే. దాన్ని అదృష్టానికి వదిలేయకూడదు, మనమే ఏర్పాటు చేసుకోవాలి.

పోయిన మూడు నెలల లెక్క ఎలాంటిదో పెన్‌డ్రైవులు ఎక్కించాకే అర్థమైంది. మార్చి మధ్య నుంచి జూన్ దాకా రైతులు బాకీలు కట్టే కాలం. మిర్చి అమ్ముడవుతుంది, యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి పోతాయి, చేతికి డబ్బు వస్తుంది. మార్చి లెక్క తెరిస్తే అందరి బాకీలూ ఉన్నాయి, ఎవరు కట్టిందీ లేదు. ఉద్దెరకు ఇచ్చిన సరుకు బిల్లులకు దుకాణంలో కార్బన్ కాపీలు ఉన్నాయి. కట్టిన డబ్బుకు రసీదు మాత్రం సర్వర్ నుంచి చిన్న ప్రింటర్‌లో వచ్చేది, ఒక్కటే, అదీ రైతు చేతికి పోయేది. దుకాణానికి రావలసినదానికి కాగితం మిగిలింది. రైతు ఇచ్చినదానికి మిగల్లేదు. సర్వర్ అనే మాట వినని మనుషులు ఒక్క రాత్రిలో మళ్ళీ బాకీదారులయ్యారు.

మానుకోట దుకాణంలో జాబితా ముందు పెట్టుకుని కూర్చున్న రోజు ఒక ముసలమ్మ తండా నుంచి వచ్చింది. కొత్త విత్తనాలు కావాలి. జాబితాలో ఆమె పేరు మీద పాత బాకీ మొత్తం అలాగే ఉంది. ఆమె కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పట్టాదారు పాసుపుస్తకం, దాని మధ్యలో మడత పెట్టిన రసీదు. విప్పి చూస్తే తెల్ల కాగితం. అలాంటి ప్రింటర్ కాగితం మీద అక్షరాలు వేడికి, ప్లాస్టిక్ కవరు తాకిడికి వెలిసిపోతాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒక మూల అంకెల జాడ మాత్రం కనిపించింది. ఎంత రాసి ఉందో చదవరాలేదు.

"కట్టిన బిడ్డా. మిర్చి అమ్మినంక అచ్చి నీ చేతులనే పెట్టిన. గీ చిట్టీ నువ్వే ఇచ్చినవు" అంది గుమాస్తాతో.

"అవునవ్వా, కట్టినవ్. నాకు యాదికుంది" అన్నాడు అతను.

ఆమె నా వైపు చూడలేదు. నేనెవరో ఆమెకు తెలియదు. తన దగ్గరున్న కాగితాన్ని ఆమె తన వల్ల అయినంత భద్రంగా పాసుపుస్తకంలో దాచుకుంది. దాచే పని జీతం తీసుకుని చేసినవాణ్ణి నేను. ఆ తెల్ల కాగితం చూసినప్పుడు నా తప్పు ఎంతదో నాకు తెలిసింది. ఒక వ్యాపారి డేటా పోయింది అనుకుంటూ వచ్చాను. పోయింది ఈమె మాటకు ఉన్న రుజువు.

కట్టామని చెప్పినవాళ్ళందరికీ కట్టినట్టే రాయమన్నారు సేటు. ముగ్గురు గుమాస్తాల జ్ఞాపకం, రైతుల మాట పట్టుకుని ఖాతా మళ్ళీ రాశాం. అబద్ధం చెప్పినవాళ్ళు కొందరు ఉండొచ్చు, ఆ నష్టం ఆయన భరించారు. కట్టిన బాకీని మళ్ళీ అడిగారని మనసు నొచ్చుకుని వేరే దుకాణానికి మళ్ళినవాళ్ళు ఉన్నారు. అది ఏ లెక్కలోకీ ఎక్కని నష్టం, నా వల్ల జరిగింది.

ఆ తర్వాత విండోస్ సర్వర్ 2019తో కొత్త యంత్రం వచ్చింది. నడవదని నేను అన్నేళ్ళు చెప్పిన బిల్లింగ్ ప్రోగ్రాం దాని మీద నడిచింది. విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన ప్రధాన ఫైళ్ళకు కొత్త విండోస్ వెర్షన్లలో కూడా మైక్రోసాఫ్ట్ మద్దతు ఇస్తూనే ఉంది. పాత సర్వర్ నుంచి కొన్ని ఓసీఎక్స్ ఫైళ్ళు తెచ్చి రిజిస్టర్ చేస్తే, ఒక ఫోల్డరుకు రాసే అనుమతి ఇస్తే సరిపోయింది. ఆ సాయంత్రానికే బిల్లు వచ్చింది. నేను పరీక్షించని ఒక మాట మీద మూడు ఊళ్ళ లెక్కలు అన్నాళ్ళు ఆధారపడి ఉన్నాయి.

ఇప్పుడు నేను చూసే ప్రతి చోటా ఒక పుస్తకం పెట్టించాను. ఏ యంత్రం, అందులో ఏ వెర్షన్, దాని గడువు ఎప్పుడు అన్నది తెలుగులో రాసి, యజమానికి చదివి వినిపించి, సంతకం తీసుకుంటాను. విండోస్‌తో పాటు దాని మీద నడిచే డేటాబేస్‌కూ వేరే గడువు ఉంటుంది, అదీ రాస్తాను. సర్వర్ 2012, 2012 ఆర్2 గడువు 2023 అక్టోబర్ 10న తీరింది, డబ్బు కట్టినా సవరణలు 2026 అక్టోబర్ 13 వరకే. లినక్స్ అయితే గొడవ లేదనేవాళ్ళు సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30న తీరిందని గుర్తుంచుకోవాలి. ఎస్క్యూఎల్ సర్వర్ 2014కు 2024 జూలై 9న, దుకాణాల్లో ఎక్కువగా కనిపించే విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న తీరింది. ఎస్క్యూఎల్ సర్వర్ 2016కు 2026 జూలై 14, విండోస్ సర్వర్ 2016కు 2027 జనవరి 12.

వెంటనే మార్చే స్తోమత లేని చోట్లు ఉంటాయి, ఆ నిర్ణయం యజమానిది. అప్పుడు కూడా చేయగలిగింది ఉంది. పాత సర్వర్‌కు ఇంటర్నెట్ తీసేయాలి. 3389 బయటికి తెరవకూడదు, బయటి నుంచి రావాలంటే వీపీఎన్ ద్వారానే రావాలి. ఆ యంత్రంలో ఈమెయిల్, బ్రౌజర్ వాడనివ్వకూడదు. బ్యాకప్ రెండు డిస్కుల్లో వంతులవారీగా తీసి, తీసిన వెంటనే తీగ పీకి వేరే చోట పెట్టాలి. ఆ బ్యాకప్‌ను అప్పుడప్పుడూ వేరే కంప్యూటర్‌లో ఎక్కించి ఖాతా తెరుచుకుంటుందో లేదో చూడాలి. మార్పు చేయాలంటే మిరుగు ముందు ఎండాకాలంలో చేయాలి, విత్తనాల రద్దీలో కాదు. డబ్బు తీసుకున్న ప్రతి రసీదుకూ దుకాణంలో ఒక కాపీ మిగలాలి. అక్షరం వెలిసిపోని కాగితం మీద రైతుకు ఇంకో కాపీ ఇవ్వాలి. సర్వర్ ఎంత కొత్తదైనా ఇది మానకూడదు.

జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో నాలాగే ఈ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రైసు మిల్లుల్లో, నర్సింగ్ హోముల్లో, బడుల్లో టేబుల్ కింద నడుస్తున్న సర్వర్ల సంగతి వాళ్ళకే తెలుసు. ఢిల్లీ ఎయిమ్స్ అంతటి ఆసుపత్రి 2022 నవంబర్‌లో సర్వర్లు పోయి రోజుల తరబడి చేత్తో రాసి రోగులను చూసింది. మన ఊళ్ళలో అలా జరిగితే పేపర్లో కూడా రాదు, ఒక ముసలమ్మ రెండోసారి బాకీ కడుతుంది. గడువు తేదీ మీకు తెలిస్తే యజమానికి చెప్పండి. ఆయన విసుక్కున్నా చెప్పండి, డబ్బు లేదన్నా చెప్పండి, మీ పేరు తగ్గుతుందనిపించినా చెప్పండి. కాగితం మీద రాసి ఇవ్వండి. వినడం, వినకపోవడం ఆయన ఇష్టం. తెలిసి నోరు మూసుకునే హక్కు మాత్రం మనకు లేదు.